చక్రం ఆగని మొక్కు

బొగ్గు ఇంజన్ల నల్లని పొగ మద్రాసు–అరక్కోణం దారి మీద క్రమంగా పలచబడి, పట్టాల పైన కరెంటు తీగలు బారులు తీరి, బడిపిల్లలకు మధ్యాహ్నం వేడి అన్నం పెట్టే వంటశాలలు ఊరూరా పొయ్యి రాజేసుకొని, పల్లె ఆడవారు కొందరు మొట్టమొదటిసారిగా నెల జీతానికి సంతకం పెట్టడం నేర్చుకుంటున్న ఆ ఎనభైల తొలి సంవత్సరాలలో, విజయనగర ప్రభువుల కాలాన నాగలి భుజాన వేసుకొని దక్షిణానికి వచ్చి తిరువాలంగాటి చుట్టుపక్కల నేలను నమ్ముకొని స్థిరపడిన ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టి, నేల తక్కువై అన్నదమ్ములు ఎక్కువైనందున రైల్వే కొలువులో చేరిన చెంగల్రాయుడు, ఆ ఊరి స్టేషనుకు కొంత దూరంలో ఉన్న గేటుకు కాపరియై, లోకమంతా అటూ ఇటూ పరుగులు తీస్తూ ఉండగా తాను మాత్రం జెండా పట్టుకొని ఒకే చోట నిలబడి ఉండేవాడు.

నిలబడడమే వృత్తి అయినవానికి కదలిక మీద మోజు పుట్టడం సహజం. చెంగల్రాయుడి మోజంతా ఒక సైకిలు మీద. కొలువు చాలించుకున్న ఒక తపాలా ఉద్యోగి దగ్గర కొన్న పాత బండి అది. ముందు కడ్డీకి పేముతో అల్లిన పసిపిల్లల కుర్చీ, వెనుక వెడల్పాటి క్యారియరు. డ్యూటీ దిగగానే దానిని తుడిచి, చెయినుకు నూనె పోసి, చక్రాలు తిప్పి చూసుకునేటప్పుడు అతని చేతులలో అభిషేకం చేసే అర్చకుని శ్రద్ధ కనిపించేది. అరక్కోణంలో రైల్వే కార్మికుల ఆటల పోటీలలో నిదానపు సైకిలు పందెం ఒకటి జరిగింది; అందరికంటె చివర గీత చేరినవాడే, కాలు కింద పెట్టకుండా చేరినవాడే, అందులో విజేత. ఆ పందెంలో చెంగల్రాయుడు గెలిచి ఒక స్టీలు పళ్లెం తెచ్చుకున్నాడు. అతని పెద్దబిడ్డ కోకిల ఆ పళ్లెంలో తప్ప అన్నం తినేది కాదు.

"బిరీన తొక్కేదానికి కాళ్లుంటే చాలు. నిదానంగా తొక్కేదానికి మనిషి కావల," అని అతను గేటు దగ్గర ఆగినవారికల్లా చెప్పేవాడు. తన మీద తనకు అంత నమ్మకం.

భార్య కాంచన అతనికి మేనమామ కూతురు; అయినా అరవదేశపు వాడుకలో 'మామా' అనే పిలిచేది. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని ఆమెది. పొద్దున పోతే పిల్లలందరూ తిని, అండాలు కడిగిన తరువాతనే ఇంటికి రాక. చెంగల్రాయుడిది ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం సాయంత్రం డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. కోకిలకు ఐదేళ్లు నిండిన ఏడు, వినాయక చవితి వచ్చే ఆవణి నెలలో వారికి మగబిడ్డ పుట్టాడు. తిరుత్తణి కొండ మీద కొలువైన స్వామి తలపుతో తణికాచలమని పేరు పెట్టుకున్నారు. ఇద్దరి పనులూ ఇద్దరు పిల్లలూ ఒకే ఇంట్లో ఇమడవలసి వచ్చిన ఆ రోజుల్లో, భార్యాభర్తలు గుమ్మంలో ఎదురుపడి పసివాణ్ణి ఒకరి చంకలోనుంచి మరొకరి చంకలోకి మార్చుకోవడమే వారి ముచ్చట్లన్నిటికీ సందు.

మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, ఒక ఉదయం. స్టేషను నుంచి టెలిఫోను మోగింది. చెంగల్రాయుడు గేటు వేసి, వేశానని స్టేషనుకు మాట ఇచ్చాడు. తిరువళ్లూరు పోయే బస్సు వచ్చి గేటు ముందు ఆగింది. అంతలో పక్కనే ఉన్న క్వార్టర్సులోనుంచి కాంచన బిడ్డను ఎత్తుకొని, జుట్టు విరబోసుకొని పరుగెత్తుకొచ్చింది. జ్వరంతో కాగుతున్న పసివాని కళ్లు పైకి తేలిపోయాయి; చేతులు కొయ్యబారాయి. ఆమె తిన్నగా బస్సెక్కింది. బస్సులోనివారు కిటికీలలోనుంచి తలలు బయటికి పెట్టి అరిచారు.

"గేటు తియ్యవయ్యా! బిడ్డ కళ్లు తేలేసినాడు!"

"నీ బిడ్డే గదయ్యా! రాయి మాదిరి నిలబడుకోనుండావే!"

రైలు ఇంకా కంటికి కనబడలేదు. కాని మాట ఇచ్చిన తరువాత, ఆ రైలు దాటిపోయేదాకా గేటు తీయరాదు. రైలులో ఎందరి బిడ్డలు కూర్చున్నారో! చెంగల్రాయుడి చెయ్యి గేటు తిప్పే చక్రం మీదికి పోయింది, కాని తిప్పలేదు. కాళ్లు ఆ నేలకు దిగేసినట్టు నిలిచిపోయాయి. ఆ నిలుపులోనే, పడమట కనబడని తిరుత్తణి కొండ వైపు ముఖం తిప్పి అతను మొక్కుకున్నాడు.

"తణికేశా, ఈ దినం నా కాలు ఈ మన్నుకు కట్టుబడిపోయింది. నా బిడ్డను నాకియ్యి. ఆడి నెలలో నీ పండగ ఆడికృత్తికకు వాణ్ణి నా వాకిట్లోనుంచి నీ కొండ అడుగుకు సైకిలు మీద తెస్తా. దారిలో చక్రం ఆగదు. నా కాలు నేల తాకదు. ఆడ వాని తలనీలాలు నీకిస్తా."

రైలు గడగడమని దాటిపోయింది. అతను గేటు తీశాడు. బస్సు కదిలింది. బదులు మనిషి వచ్చేదాకా అతను కదలడానికి వీలులేదు. మధ్యాహ్నం అతను తిరువళ్లూరు ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ తల్లి రొమ్ము తాగుతూ ఉన్నాడు. జ్వరం తలకెక్కినందువల్ల వచ్చిన మూర్ఛ అనీ, ఇక భయం లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

మొక్కు సంగతి విని కాంచన బిడ్డ తల నిమిరింది. తరువాత మెల్లగా అంది: "మామా, నీ కాలితో మొక్కినావు. తీరకపోతే ఆ భారం ఉండేది నా బిడ్డ తల మీద. అది తెలుసునా నీకు?"

"తీరకపోవడమేంది? పళ్లెం గెలిచినోణ్ణి!" అన్నాడు చెంగల్రాయుడు.

గేటు దాటి రోజూ మజ్జిగ అమ్మబోయే మునియమ్మ మాత్రం ఊరుకోలేదు. వరసకు అతనికి పెద్దమ్మ; నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. "ఊరోళ్లంతా కాళ్లు బొబ్బలెక్కేట్టు నడిచి పోతారు, అది మొక్కు. నువ్వేమో కాలే పెట్టనంటావు. సామి కాడ కూడా పందేలు కడతావా నాయనా?" అంది కుండ దించుకుంటూ.

"పందెం కాదు పెద్దమ్మా, మాట."

"మాటంట! అంతదూరం ఆగకుండా తొక్కితే నీ తొడలు రెండూ ఎండుచేపలై పోతాయి, చూస్తా ఉండు."

ఎండుచేప సంగతి ఎలా ఉన్నా, ఆమె అన్నదానిలో నిజముంది. నిదానపు పందెం కొద్ది నిమిషాల పని. ఇది అరక్కోణం మీదుగా తిరుత్తణి దాకా పోవలసిన దారి. పండుగనాడు మొక్కుబడి కావళ్లు మోసే భక్తులతో కిక్కిరిసిపోయే దారి. దీనికి అభ్యాసం కావాలి. శివరాత్రి వచ్చే మాసి నెల పుట్టగానే చెంగల్రాయుడు అభ్యాసం మొదలుపెట్టాడు. ఎవరైనా చేసే పొరపాటే అతనూ చేశాడు. అభ్యాసానికి వేరే కాలం, వేరే చోటు కావాలనుకున్నాడు. సాయంత్రపు డ్యూటీ వారంలో, పొద్దున్నే కాంచన పనికి పోకముందే సైకిలెక్కి తిరువళ్లూరు రోడ్డు మీద దూరంగా తొక్కుకుంటూ పోయేవాడు. ఒకనాడు గాలి అనుకూలించింది. కాళ్లు హాయిగా ఆడాయి. ఇంకొంచెం, ఇంకొంచెమనుకుంటూ పోయాడు. తిరిగి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. గుమ్మంలో కాంచన పసివాణ్ణి చంకన పెట్టుకొని నిలబడి ఉంది. ఒక చేతిలో బడి తాళంచెవి.

"ఎంతసేపాయె పోయి?" అందామె.

"వడి పట్టుకున్నాను మే! ఈ దినం తిరువళ్లూరు చెరువు కనబడే దాకా పోయినా..."

"చెరువు చూసినావా? సరి. ఆడ పిలకాయలు పళ్లాలు పట్టుకొని కూర్చుంటారు. బియ్యం ఇంకా నానలేదు. వాళ్ల ఆకలికి ఏం చెప్పేది? మా మామ సామికి మొక్కుకొని సైకిలు తొక్కతాండాడు, మీరు ఆడికృత్తిక దాకా ఓర్చుకోండి అని చెప్పేదా?"

చెంగల్రాయుడు తలవంచుకొని బిడ్డ కోసం చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"విను. రాత్రి డ్యూటీ వారంలో నువ్వు నిద్ర పోవల. గేటు కాడ నీ కన్ను మూతపడితే మనకు మొక్కూ వద్దు, దేవుడూ వద్దు. పగలు డ్యూటీకి పోవల. బిడ్డల్ని చూడల. నాకు సంతనుంచి కూరగాయలు తెచ్చి పడెయ్యల. ఇందులో సైకిలు నేర్చుకునేదానికి వేరే టైం లేదు మామా. ఉండే పనిలోనే నేర్చుకో. లేదంటే నేర్చుకోనే వద్దు."

అలా చెప్పి బిడ్డను అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. యజ్ఞాలకూ తపస్సులకూ అరణ్యాలున్నాయి. గృహస్థుకు గృహమే ఉంది. అతని తపస్సు చంటిబిడ్డ ఏడుపుకూ, పొయ్యి మీద పాలు పొంగడానికీ నడుమ సాగవలసినదే. చెంగల్రాయుడికి ఆ మాట కొంచెం గుచ్చుకుంది; మరునాటికి ఒంటబట్టింది.

ఆనాటినుంచి ఇంటి పని ప్రతి ఒక్కటీ అభ్యాసమైంది. కోకిలను వెనుక క్యారియరు మీద కూర్చోబెట్టుకొని బడికి పోయేటప్పుడు, ఇంటి వాకిలి నుంచి బడి గుమ్మం దాకా కాలు దించకూడదు. అది నియమం. ఆ పిల్ల వెనుక కుదురుగా కూర్చునే రకం కాదు. పిచ్చుకను చూపడానికి ఒక పక్కకు ఒరిగేది. జారిన రిబ్బను పట్టుకోవడానికి మరొక పక్కకు వంగేది. కదిలే బరువుతో సైకిలు నిలపడం నేర్పడానికి అంతకంటె మంచి గురువు దొరకదు. సంతనుంచి వంటశాలకు గుమ్మడికాయలూ వంకాయలూ తెచ్చేటప్పుడు బండి ఒక పక్కకు లాగేది. టమోటాలు తెచ్చేటప్పుడు ఒక్కటి నలిగినా కాంచన ఊరుకునేది కాదు. గుంతను తప్పించి, మెత్తగా, ఎక్కడా కుదుపు లేకుండా తొక్కడం టమోటాలు నేర్పాయి. కిరసనాయిలు డబ్బా, పిండిమరకు పోయే గోధుమలు, మునియమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చిన రోజున ఆమె మజ్జిగ కుండ కూడా ఆ బండి మీదే ఎక్కి దిగాయి.

"మజ్జిగ చిందితే నీ మొక్కు కాదు, నా మొక్కు తీరుస్తా నీకు," అని మునియమ్మ వెనకాలే కేకలు పెడుతూ నడిచింది. ఒక్క చుక్క చిందలేదు. ఆమె కుండలోకి తొంగిచూసి, "పరవాలే," అని మాత్రం అంది. ఆమె నోట అది పెద్ద పొగడ్త.

రాత్రి డ్యూటీ వారంలో, కాంచన పెట్టిన కట్టు ప్రకారం, కోకిలను బడిలో దింపి వచ్చిన తరువాత సైకిలు ముట్టకూడదు. చిన్నవాణ్ణి పక్కన వేసుకొని పడుకోవాలి. కాని చిన్నవాడు పడుకునేవాడు కాదు. జోల పాడితే కళ్లు మరింత విప్పి చూసేవాడు. ఊయలలో వేస్తే గేటు అవతలి ఊరికి వినపడేట్టు ఏడ్చేవాడు. కూర్చోవడం వచ్చిన తరువాత ఒకనాడు విసిగి వాణ్ణి పేము కుర్చీలో కూర్చోబెట్టి, కాంచన పాత చీరతో నడుము చుట్టూ కట్టి, ఇంటి ముందు నాలుగు చుట్లు తిప్పాడు. వాడు తల వాల్చేశాడు. చక్రం తిరిగినంతసేపు నిద్ర; చక్రం ఆగితే ఏడుపు! క్వార్టర్సు ముందు, పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు ఒక కుప్పగా పేర్చి ఉండేవి. ఆ కుప్ప చుట్టూ చెంగల్రాయుడు నిదానంగా, నిద్రకు తూగుతూ, బిడ్డకు గాఢనిద్ర పట్టేదాకా తిరిగేవాడు. ఒక పక్క కుప్ప, ఒక పక్క కాంచన వేసిన బెండ మడి; నడుమ బండి పట్టేంత సందు.

గేటు దాటుతూ మునియమ్మ చూసి నవ్వేది. "ఏం నాయనా, నూనె ఎన్ని పడులు దిగింది? మా ఊరి గానుగెద్దు కూడా నీ మాదిరే తిరగతాది."

"గమ్మునుండు పెద్దమ్మా, బిడ్డ లేచేను."

దీనిని మాత్రం అతను అభ్యాసం కింద లెక్కపెట్టలేదు. అది జోలపాటే గాని సాధన కాదనుకున్నాడు.

వేసవిలో తంగరాజు అనే కుర్రవాడు బిడ్డను చూడడానికి వచ్చాడు. అతనికి గేటు పని నేర్పినది చెంగల్రాయుడే. ఇప్పుడు అతను అరక్కోణానికీ తిరుత్తణికీ నడుమ, కొండ కనిపించే దూరంలో ఉన్న ఒక గేటుకు కాపరి. తమిళుడైనా చెంగల్రాయుడి దగ్గర తెలుగు కూడా నేర్చుకున్నాడు. మొక్కు సంగతి విని అతని కళ్లు మెరిశాయి.

"అన్నా, నా గేటు మీదనే గదా నువ్వు పోవాల్సింది! లేత టెంకాయ కొట్టి పెడతా. సైకిలు దిగకుండానే తాగి పో."

ఇద్దరూ కూర్చొని దారిలో రాగల అడ్డంకులన్నీ తలచుకున్నారు. కుక్కలు, ఎద్దుబండ్లు, కావళ్ల గుంపులు, కొత్త టైరు, గాలి పంపు, ఎండ, దాహం. ఏదీ వదలలేదు. రెండు టంబ్లర్ల కాఫీ తాగి, అన్నీ ఆలోచించామన్న తృప్తితో లేచారు.

వేసవి పోయి ఆడికృత్తిక వచ్చింది. తెల్లవారుతూనే స్నానం చేసి, పసుపు పంచె కట్టి, చెంగల్రాయుడు వాకిట్లో సైకిలెక్కాడు. కాంచన బిడ్డకు పాలిచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, తన పాత చీరతో కట్టి, ఆ ముడిని రెండుసార్లు లాగి చూసింది. ఆమె, కోకిల, మునియమ్మ రైలులో తిరుత్తణి చేరి కొండ అడుగున ఉండాలని ఏర్పాటు.

"నాయనా, యాడా కాలు పెట్టొద్దు!" అంది కోకిల.

"పెట్టనులే తల్లీ."

కాంచన బిడ్డ తల మీద ఒకసారి చెయ్యి వేసింది. అతనికి అర్థమైంది.

దారి అతనికి లొంగింది. అరక్కోణం బజారులో చింతపండు మూటల బండి అడ్డం వచ్చింది. కోకిల రిబ్బను కోసం వంగినప్పుడు ఎలా ఒరిగాడో అలా ఒరిగి దాటాడు. ఊరు దాటిన తరువాత గుంతలు వచ్చాయి, టమోటాలను తలచుకున్నాడు. పసుపు బట్టల కావళ్ల బారులు "అరోహరా" అని ఘోషిస్తూ నడుస్తుంటే, వారి నడకకు సరిగా నిదానించి, సందు దొరికినప్పుడు మెల్లగా ముందుకు జారాడు. పసివాడు చేతులు ఆడిస్తూ కావళ్లకు కట్టిన నెమలి ఈకలను చూసి నవ్వుతున్నాడు. దూరాన కొండ కనబడింది. చెంగల్రాయుడి మనసు తేలిపోయింది. "అయిపోయిందిరా నాయనా, వచ్చేసినాం," అన్నాడు బిడ్డతో.

వంపు తిరిగాడు. తంగరాజు గేటు వేసి ఉంది.

కుక్కలను తలచుకున్నారు, టైర్లను తలచుకున్నారు. గేటుకాపరులు ఇద్దరూ కలిసి గేటును మరచిపోయారు! పుట్టి బుద్ధెరిగి చెంగల్రాయుడు గేటును లోపలినుంచి చూశాడే గాని, దానికి బయటివైపు ఒకటుంటుందనీ, అక్కడ నిలబడవలసి వస్తుందనీ అతనికి ఒక్కనాడూ తోచలేదు.

గేటు ముందు లారీలు, ఎద్దుబండ్లు, కావళ్లు. బ్రేకు మీదికి పోయిన చేతిని వెనక్కు తీసుకున్నాడు. రోడ్డు పక్కన బండ్లు నిలుపుకునే కొంచెం చదును నేల ఉంది. హ్యాండిలు అటు తిప్పాడు.

"చోటియ్యండి సామీ! చక్రం ఆగకూడదు! మొక్కు!"

జనం వెనక్కు జరిగారు. అతను చుట్టు తిరగడం మొదలుపెట్టాడు. కావడి గుంపుకు పెద్ద అయిన ఒక ముసలాయన భుజం మీద కావడితో నిలబడి, "ఏందయ్యా నీ కథ?" అని అడిగాడు.

"బిడ్డకు మూర్ఛ వచ్చింది సామీ..." అంటూ చెంగల్రాయుడు ఆయనను దాటిపోయాడు.

అతను చుట్టు తిరిగి వచ్చేదాకా ఆయన వేచి ఉన్నాడు. "ఊఁ, వచ్చింది. ఆమీన?"

"బస్సు నా గేటు కాడ నిలబడింది..."

మళ్లీ చుట్టు. గుంపంతా మెడలు తిప్పుతూ ఉంది.

"నిలబడింది. ఆమీన చెప్పవయ్యా, బిరీన రా!"

"నేను గేటు తియ్యలేదు సామీ! ఆడే మొక్కుకున్నా. చక్రం ఆగదు, కాలు నేల తాకదని!"

ఆ మాటతో గుంపు మొత్తం ఒక్కసారి తంగరాజు వైపు తిరిగింది. "గేటు తియ్యవయ్యా! సామి కార్యం! సైకిలు పోయేంత సందు తియ్యి చాలు!"

తంగరాజు గేటు చక్రం పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు. ఒక చేతిలో ఎర్రజెండా, కాళ్ల దగ్గర లేత టెంకాయ. "అన్నా," అన్నాడు, "గూడ్సు రావల, దాని వెనకాల పాసింజరు. ఇంకా కనబళ్లేదు. రవ్వంత సందు తీస్తా. నువ్వు జారిపో." అతని చెయ్యి చక్రం మీదికి పోయింది.

చెంగల్రాయుడు సగం చుట్టులో ఉన్నాడు. అక్కడినుంచే అరిచాడు.

"చెయ్యి తియ్‌రా తంగరాజూ! ఆ దినం నా బిడ్డకే నేను తియ్యలేదు. ఈ దినం నాకు నువ్వు తీస్తావా?"

తంగరాజు చెయ్యి కాలినట్టు వెనక్కు లాక్కున్నాడు.

ఇక మిగిలింది తిరగడమే. వెనుకనుంచి వచ్చేవారు వస్తూనే ఉన్నారు, చోటు ఇరుకవుతోంది, చుట్టు చిన్నదవుతోంది. గూడ్సు బండి వచ్చింది. పెట్టె తరువాత పెట్టె, అంతు లేకుండా పోయింది. ఆ రొదకు పసివాడు బెదిరి ఏడ్పు అందుకున్నాడు. ఒకసారి బండి లోపలికి ఒరిగిపోయింది, ఎడమకాలు పెడలు మీదనుంచి జారింది, గుంపు "అయ్యో!" అంది. కాలు గాలిలోనే ఆగి, మళ్లీ పెడలును వెతుక్కుంది.

ఆ క్షణంలో అతనికి తెలిసింది. ఈ చుట్టు తనకు కొత్తది కాదు. ఇది స్లీపరు చెక్కల కుప్ప చుట్టుకొలత. ఒక పక్క కుప్ప, ఒక పక్క బెండ మడి. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కళ్లతో, లెక్కలోనికి తీసుకోకుండా ఎన్ని ఉదయాలు ఈ సందులో తిరిగాడో! జనాన్ని చూడడం మానేశాడు. గేటును చూడడం మానేశాడు. బిడ్డ నెత్తి మీది సుడిని చూస్తూ, ఇంటి ముందు తిరిగినట్టే తిరిగాడు. కాళ్లకు దారి తెలుసు. రెండు చుట్లు, మూడు చుట్లు; ఏడుపు సన్నగిల్లింది. బిడ్డ తల ఒక పక్కకు వాలింది.

"నిద్రపోయినాడు," అని ముసలాయన పక్కవానితో గుసగుసగా అన్నాడు. "అరవొద్దండి, బిడ్డ నిద్రపోయినాడు." అంతవరకు అరోహరా అని దిక్కులు మార్మోగించినవారందరూ గొంతు తగ్గించి, జోల పాడినట్టు స్వామి నామం పలికారు.

తిరుపతి పాసింజరు వచ్చింది. పండుగ జనంతో కిటకిటలాడుతూ నెమ్మదిగా గేటు దాటుతోంది. ఒక కిటికీలోనుంచి మునియమ్మ ముఖం పొడుచుకొచ్చింది. చూసి, నమ్మలేక, మళ్లీ చూసింది.

"ఒసే కాంచనా! నా గానుగెద్దే! తిరుగు నాయనా, తిరుగు! ఇంకా రెండు పడుల నూనె దిగల!"

ఆమె చంక కిందనుంచి కోకిల తల దూర్చింది. "నాయనా! కాలు పెట్టొద్దూ!" ఆ పిల్ల వెనుక కాంచన ముఖం ఒక్క రెప్పపాటు కనబడింది. ఆమె చూపు మొదట బిడ్డ మీద, తరువాత భర్త కాళ్ల మీద పడింది; ఆమె చేతులు జోడించింది. రైలు వెళ్లిపోయింది.

తంగరాజు పచ్చజెండా చుట్టేసి, స్టేషనుతో మాట్లాడి, గేటు చక్రాన్ని శాయశక్తులా తిప్పాడు. అడ్డకర్ర లేచింది. కావళ్లవారు ఒక్కరూ కదలలేదు. ముందుగా సైకిలుకు దారి ఇచ్చారు. చుట్టులోనుంచి చక్రం బయటికి తిరిగి, పట్టాలను దాటింది.

"అన్నా, టెంకాయ!" అని తంగరాజు వెనక పరుగెత్తాడు.

"కొండ కాడ తాగతాలేరా! నీ గేటు చూసుకో ఫస్టు!"

కొండ అడుగున మెట్ల ముందు కాంచన, కోకిల, మునియమ్మ నిలబడి ఉన్నారు. చెంగల్రాయుడు వచ్చాడు. బ్రేకు పట్టాడు. చక్రం ఆగింది. మునియమ్మ హ్యాండిలు పట్టుకుంది. అయినా అతను కాలు దించడు! ఇంత దూరం తాకని నేలను తాకడానికి కాలికి ధైర్యం చాలలేదు. కోకిల వచ్చి అతని పాదం రెండు చేతులతో పట్టుకొని, "వచ్చేసింది నాయనా, ఇప్పుడు పెట్టు," అని మెల్లగా నేల మీద ఆనించింది. అప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాంచన చీర ముడి విప్పి బిడ్డను ఎత్తుకుంది. "మామా," అంది, "పైన మెట్లున్నాయి. ఇప్పుడు నడువు." ఆమె నవ్వడం చాలా నెలల తరువాత అతను అప్పుడే చూశాడు.

తణికాచలం తలనీలాలు స్వామికి చేరాయి. చందనం పూసిన గుండుతో వాడు తల్లి చంకలో నిద్రలేచి, సైకిలు ఎక్కడా అని చుట్టూ చూసి ఏడ్చాడు.

ఆ ఆడి నెల గడచిన తరువాత చెంగల్రాయుడి గేటు బయట, పట్టాలకు ఇరువైపులా, పాత స్లీపరు చెక్కలతో చేసిన బల్ల ఒకటి, ఎర్రగుడ్డ చుట్టిన నీళ్ల కుండ ఒకటి వెలిశాయి. గేటు వేసినప్పుడల్లా అతను బయటివైపు చూసి, "కూర్చోండయ్యా, బండి వస్తాంది, ఇంకెంతసేపు!" అని పలకరించేవాడు. చంటిబిడ్డల తల్లులు కనబడితే కుండలోని నీళ్లు తానే ముంచి ఇచ్చేవాడు. గేటును మాత్రం రైలు దాటనిదే ఎవరికీ తీసేవాడు కాదు.

ఇచ్చిన మాటను పట్టాల మీదా, మొక్కిన మొక్కును చక్రాల మీదా ఒక్క తీరుగా నిలుపుకున్న చెంగల్రాయుడికి ఆ తణికేశుడు దృఢమైన కాళ్లనూ దీర్ఘమైన ఆయువునూ ఇచ్చుగాక. ఉన్న పనిలోనే సాధనను చూపిన కాంచన చేతి అన్నం ఏ పిల్లవానికీ తరుగక, ఆమె పసుపుకుంకుమలు చల్లగా ఉండుగాక. కోకిల మాట ఎప్పుడూ తీయగా వినబడుగాక. తణికాచలానికి చక్రం ఆగినా నిద్రపట్టుగాక. ఆ ఇంటి వాకిట ఎవ్వరి దారీ మూసుకొనక, మూసిన ప్రతి గేటూ సమయానికి తెరచుకొనుగాక.